మీరు అడిగారు: ఫ్రాన్స్ పల్లెపట్టున మనవాళ్ల ఇంటికి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఫ్రాన్స్ దక్షిణాన, ప్రోవాన్స్ వైపు చిన్న చిన్న ఊళ్లలో ఉంటున్న పిల్లల దగ్గరికో చుట్టాల దగ్గరికో బయల్దేరుతున్నవాళ్లవి. నేను ఉండేదీ ఆ చుట్టుపక్కలే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను. మిగతా ఉత్తరాలకి వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ మనోస్క్ అనే ఊళ్లో ఉంటున్నారు. అల్లుడు ఈటర్ ప్రాజెక్టులో ఇంజినీరు. జూన్, జులై రెండు నెలలూ ఉండేలా రమ్మంటున్నారు. నేనూ మావారూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఏ కాగితాలు కావాలి, ఏం పట్టుకెళ్లాలి, అక్కడ రోజంతా ఏం చేయాలి అని ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు ఆ ఊరి గురించి చెప్తాను, సగం బెంగ అక్కడే తీరుతుంది. మనోస్క్‌లో ఉండేది ఇరవై వేల పైచిలుకు జనం. ద్యూరాన్స్ నది లోయలో ఉంటుంది. పాత ఊరి చుట్టూ గుండ్రంగా రోడ్డు, లోపలికి పోవడానికి రాతి ద్వారాలు, ద్వారం దాటితే ఇరుకు సందులు, ఎటు తిరిగినా కాసేపటికి మళ్లీ అదే రోడ్డు మీదికి వచ్చేస్తారు, తప్పిపోయే ఊరు కాదు. ఈటర్ అంటే అణువుల్ని కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ ప్రయోగం కోసం చాలా దేశాలు కలిసి కడుతున్న రియాక్టరు, అది అక్కడికి దగ్గర్లోనే, కదరాష్‌లో ఉంది. ఆ ప్రాజెక్టులో ఉన్న ఏడు భాగస్వాముల్లో మన దేశం ఒకటి కాబట్టి ఆ చుట్టుపక్కల భారతీయ కుటుంబాలు బాగానే ఉన్నాయి. రియాక్టరుని చుట్టి ఉండే క్రయోస్టాట్ అనే పేద్ద ఉక్కు పాత్ర భాగాల్ని గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసి ఓడల్లో పంపింది. ముందే పేర్లు నమోదు చేసుకుంటే సందర్శకుల్ని లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు, మీ అల్లుణ్ణి ఆ పని ఇప్పుడే చేయమనండి. పిల్లలు ఏం పని చేస్తున్నారో ఒక్కసారి కళ్లతో చూస్తే తర్వాత ఫోన్లో మాట్లాడుకునే మాటలే మారిపోతాయి.

ఇక కాగితాలు. మీరు తీసుకునేది షెంజెన్ షార్ట్ స్టే వీసా, అంటే ఫ్రాన్స్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు, మీ రెండు నెలలకి ఇది సరిపోతుంది. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌లోనే వేలిముద్రలు ఇచ్చి రావచ్చు. వేసవికి స్లాట్లు దొరకడం కష్టమవుతుంది కాబట్టి ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టండి. హోటల్లో కాకుండా ఇంట్లో ఉంటున్నారు గనక ఒక కాగితం తప్పనిసరి, దాని పేరు అతెస్తాసియోన్ దాకోయ్. మీ అమ్మాయి వాళ్లు తమ ఊరి టౌన్ హాల్‌కి వెళ్లి, ఇంటి కాగితాలు, జీతం కాగితాలు చూపించి, స్టాంపు కొని తీసుకోవాల్సిన పత్రం అది. అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఇదే, టౌన్ హాల్ అపాయింట్‌మెంట్‌కే వారాలు పట్టే ఊళ్లున్నాయి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలదు, అసలు కాగితమే కొరియర్లో మీకు చేరాలి, దిగిన చోట ఇమ్మిగ్రేషన్‌లో కూడా అడగవచ్చు కాబట్టి చేతి సంచిలో పెట్టుకోండి. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి.

ఇంకో సంగతి, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో విమానం మారి మార్సెయ్‌లో దిగేలా టికెట్ కొంటే మీ ఇమ్మిగ్రేషన్ ఆ మొదటి ఊళ్లోనే అయిపోతుంది. అక్కడ క్యూ పొడుగ్గా ఉంటుంది, మధ్యలో గంటన్నర వ్యవధి అని ట్రావెల్స్ వాళ్లు అంటే ఒప్పుకోకండి, మొదటిసారి వెళ్లేవాళ్లకి కనీసం మూడు గంటలుండాలి. అడిగితే వీల్‌చెయిర్ సాయం ఇస్తారు. మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా టికెట్ కొనేటప్పుడే చెప్పండి.

సామాన్ల విషయంలో ఖచ్చితంగా చెప్పేస్తాను. నెయ్యి, పాలకోవా, పన్నీరు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఇవేవీ వద్దు, పాలూ మాంసంతో చేసిన పదార్థాలు యూరప్ బయటి నుంచి తేకూడదన్నది అక్కడి చట్టం. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, చింతపండు, వడియాలు, అప్పడాలు నిక్షేపంగా పట్టుకెళ్లండి, పచ్చళ్లు మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే. బీపీ, షుగర్ మందులు ఆ రెండు నెలలకీ సరిపడా, ఇంగ్లీషులో టైపు చేసిన ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్లాలి, అక్కడ చీటీ లేకుండా ఆ మందులివ్వరు. మన ప్లగ్గులు అక్కడి గోడలకి పట్టవు, అడాప్టర్ ఉంటే చాలు, కరెంటు మనదాని లాగే 230 వోల్టులు కాబట్టి మిక్సీ మామూలుగానే తిరుగుతుంది.

నెయ్యి లేకుండా ఎలా అని బాధపడకండి. సూపర్ మార్కెట్‌లో పావుకిలో వెన్న ప్యాకెట్లుంటాయి. దెమి-సెల్ అని ఉన్నది ఉప్పు వెన్న, అది వద్దు, దూ అని రాసి ఉన్నది తీసుకోండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు ప్యాకెట్లు వేసి సన్నటి సెగ మీద పెడితే ముందు తెల్లటి నురగ కడుతుంది, అది కరిగి అడుగున గోధుమరంగు గోకుడు చేరుతుంది, చిటపటలు ఆగిన వెంటనే దించేయాలి. అక్కడి వెన్న ఎక్కువగా పులియబెట్టిన మీగడతో చేసిందే కాబట్టి ఆ వాసన మీ వంటింట్లో పెరుగు చిలికి తీసిన వెన్న కాచినప్పటి వాసనే. అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే ఈ పని చేయండి, ఇల్లు ఇల్లులా ఉంటుంది.

రోజంతా ఏం చేయాలి అంటారా, ఊరి గడియారం పట్టుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చిన్న దుకాణాలు చాలావరకు మూసేస్తారు, ఆదివారం సరేసరి. పనులన్నీ పొద్దున్నే. శనివారం ఊరంతా సంత, అదొక్కటే వారానికి సరిపడా కాలక్షేపం. అక్కడ రైతుల దగ్గర పుర్‌పియే అని ఒక ఆకు కనిపిస్తుంది, సలాడ్‌లో వేసుకుంటారు, చూడగానే గుర్తుపట్టేస్తారు, మన గంగవావిలి కూరే, పప్పులో వేయండి. ఒజెయ్ అనే పుల్లాకు గోంగూర అంత పులుపు కాకపోయినా ఆ లోటు తీరుస్తుంది. బెండకాయలు, పచ్చిమిర్చి కావాలంటే మార్సెయ్‌లో నొఆయ్ బజారుకి ఒక పూట వెళ్లి రావాలి. ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు 'బోంజూర్' అనండి, అనకుండా ధర అడిగితే వాళ్లకి కష్టంగా ఉంటుంది, అన్నారా, వచ్చే వారానికి వాళ్లే మిమ్మల్ని పలకరిస్తారు.

మీరు వెళ్లేది లావెండర్ కాలమే. పక్కనే వలన్సోల్ పీఠభూమి, జూన్ చివరి నుంచి జులై మధ్య దాకా పూత నిండుగా ఉంటుంది, తర్వాత కోతలు మొదలైపోతాయి, కాబట్టి జులై ఆఖరుకి వాయిదా వేయొద్దని అల్లుడికి చెప్పండి. పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి, ఎండ ఎక్కాక సాళ్లలో తేనెటీగల మోత మామూలుగా ఉండదు. అవి రైతుల పొలాలు, పూలు తెంపకూడదు, చీర కుచ్చిళ్లు మొక్కలకి తగలకుండా గట్టు మీదే నిలబడి ఫోటో తీయించుకోండి. అటునుంచి అటే సెంత్-క్రువా సరస్సుకి వెళ్లొచ్చు. 1970లలో ఆనకట్ట కట్టినప్పుడు లె సాల్ అనే ఊరు దాని కింద మునిగిపోయింది, ఊరివాళ్లకి ఒడ్డున పైన కొత్త ఊరు కట్టారు. శ్రీశైలం ముంపు సంగతులు విన్న మనకి ఆ నీళ్ల దగ్గర నిలబడితే పడవల కంటే ముందు ఆ ఊరే గుర్తొస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య ఫ్రెంచి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మొదటిసారి వదిన వాళ్ల అమ్మానాన్నల ఇంటికి వెళ్తున్నాం. ఏం పట్టుకెళ్లాలి?
– వరంగల్

జవాబు: పూలు తీసుకెళ్తే చామంతులు తప్ప ఏవైనా సరే. అక్కడ చామంతి నవంబరు 1న సమాధుల మీద పెట్టే పువ్వు, ఎవరింటికీ తీసుకెళ్లరు. మన దగ్గర నుంచి అయితే ఏటికొప్పాక లక్కబొమ్మలో, పోచంపల్లి టేబుల్ క్లాతో ఇవ్వండి. మీ ముందే విప్పి చూస్తారు, అది ఎక్కడ ఎలా చేస్తారో రెండు ముక్కలు చెప్పగలిగేలా తయారై వెళ్లండి, అడుగుతారు.

ప్రశ్న: మాది రామగుండం. 46 డిగ్రీల ఎండలు చూసినవాళ్లం. ప్రోవాన్స్‌లో ఉన్న మా అక్క మాత్రం జులైలో రావద్దు, ఇంట్లో ఏసీ లేదు, పగలంతా కిటికీలు మూసుకుని చీకట్లో కూర్చుంటాం అంటోంది. 36 డిగ్రీలకి ఇంత భయమా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ అక్కయ్య చెప్పింది వినండి. మనకి ఏసీ లేకపోయినా నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంది. అక్కడ చాలా ఇళ్లలో ఆ ఫ్యాను కూడా ఉండదు. వాళ్లకున్న ఉపాయం మందపాటి రాతి గోడలూ, కిటికీలకి బయటివైపు చెక్క తలుపులూ. పొద్దున ఎండ గోడకి తగలకముందే అవి మూసేస్తారు, రాత్రి చల్లబడ్డాక అన్నీ బార్లా తెరుస్తారు. మనవాళ్లు గాలి రావడం లేదని మధ్యాహ్నం రెండింటికి కిటికీ తీస్తారు, అంతే, సాయంత్రానికి ఇల్లు కుంపటైపోతుంది, రాత్రంతా నిద్ర ఉండదు. 2003 ఆగస్టు వడగాడ్పులకి ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది చనిపోయారు, ఎక్కువమంది ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు. ఆ తర్వాతే టౌన్ హాళ్లు పెద్దవాళ్ల పేర్లు రాసి పెట్టుకుని, వడగాడ్పు హెచ్చరిక వచ్చినప్పుడు ఫోన్ చేసి కనుక్కునే పద్ధతి వచ్చింది. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకునే విషయంగా చూడకండి. చిన్న టేబుల్ ఫ్యాను కొని అక్కయ్యకి కానుకగా ఇవ్వండి, జూన్‌లోనే కొనండి, ఎండలు ముదిరాక దొరకవు.

అలాగే ఒక స్వెటర్ పెట్టుకోండి. మిస్త్రాల్ అని ఉత్తరం వైపు నుంచి ఒక గాలి లేస్తుంది, ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం వణుకుతుంది. ఆ గాలిలో నిప్పురవ్వ పడితే అడవి ఆగదు. అందుకే వేసవిలో కొన్ని రోజులు కొండల దారులు పూర్తిగా మూసేస్తారు, ప్రెఫెక్చర్, అంటే మన కలెక్టరాఫీసు లాంటిది, ఇచ్చే పటం చూసుకునే బయల్దేరాలి. అడవిలో సిగరెట్, పొయ్యి, రెండూ వద్దు. దీంట్లో మినహాయింపులు లేవు.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. మా అబ్బాయి వాళ్ల పక్కింటివాళ్లు ఆదివారం భోజనానికి పిలుస్తామన్నారట. వెళ్లకపోతే బాగుండదు, వెళ్తే ఏం తినాలో తెలియదు.
– రిటైర్డ్ టీచరు, నెల్లూరు

జవాబు: తప్పకుండా వెళ్లండి మాస్టారూ. శాకాహారులం అని ఊరికే చెప్పిస్తే చేప పెట్టేవాళ్లున్నారు. మాంసం, చేప, గుడ్డు మూడూ తినరని అబ్బాయి చేత నాలుగు రోజుల ముందే విడివిడిగా చెప్పించండి. వేసవిలో వాళ్లు చేసే సూప్ ఓ పిస్తూ మీకు బాగా నప్పుతుంది, చిక్కుడు గింజలు, బీన్స్, గుమ్మడి జాతి కాయ, టమాటా ఉడికించి, తులసి లాంటి ఆకు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరిన ముద్ద పైన వేస్తారు. కాల్చిన వంకాయ గుజ్జు కూడా పెడతారు, రొట్టె మీద రాసుకుంటే మన వంకాయ పచ్చడికి దగ్గర చుట్టమే. తపెనాద్ అనే నల్లటి ఆలివ్ పచ్చడి జోలికి మాత్రం పోకండి, పైకి తెలియదు కానీ అందులో ఆంకోవీ అనే చిన్న చేపలు నూరి కలుపుతారు. చీజ్ చాలా రకాలు దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో తోడుపెట్టినవే. మీ నియమం అంత గట్టిదైతే చీజ్ పళ్లెం పక్కవాళ్లకి అందించేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. వైన్ వద్దంటే బలవంతం చేయరు.

భోజనం రెండు మూడు గంటలు సాగుతుంది. మొదటి పదార్థంతోనే కడుపు నింపుకోకండి. ఇంటావిడ తినడం మొదలుపెట్టాకే మీరు మొదలుపెట్టండి. రొట్టె పళ్లెంలో కాకుండా పక్కన బల్ల మీదే పెట్టుకుంటారు, అది అక్కడి మర్యాదే. మీ పాఠాల అనుభవాలు చెప్పండి, అబ్బాయి తర్జుమా చేస్తాడు. ఉద్యోగం ఎంత జీతం, ఇల్లు ఎంతకి కొన్నారు అని మాత్రం అడగొద్దు.

ప్రశ్న: మాది యానాం. మా చిన్నతాతగారు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుని ఫ్రాన్స్ వెళ్లిపోయారు. ఆయన పిల్లలు, నాకు బాబాయి, అత్తయ్య వరస, యూజెస్ అనే ఊళ్లో ఉన్నారని ఈ మధ్యే ఫేస్‌బుక్‌లో తెలిసింది. రమ్మని రాశారు. వాళ్లకి తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు. వెళ్లి ఏం మాట్లాడుకుంటాం?
– యానాం పాఠకురాలు

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయానమ్మా. వెళ్లండి. యానాంతో సహా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊళ్లని మన దేశానికి అప్పగిస్తూ 1956లో సంతకాలు జరిగిన ఒప్పందం 1962 ఆగస్టులో అమల్లోకి వచ్చినప్పుడు, ఫ్రెంచివాళ్లుగానే ఉండిపోవాలనుకున్నవాళ్లు రాసివ్వడానికి 6 నెలల గడువిచ్చారు. ఆ ఆరు నెలల్లో ఒకే ఇంట్లో అన్న ఇటు, తమ్ముడు అటు అయిపోయిన కుటుంబాలున్నాయి. మీరిద్దరూ ఆ ఇంటి రెండు కొమ్మలు. మాట్లాడుకోవడానికి సంగతులు లేకపోవడమేంటి, లేనిది భాష ఒక్కటే.

ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ తీయండి. ఒక్కో దాని నకలు వెనక ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఇల్లు ఎక్కడ అని రాసి పట్టుకెళ్లండి, ఎవరి చేతనైనా ఫ్రెంచిలో కూడా రాయించండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే చిన్నతాతగారి గురించి వాళ్ల మాటల్లోనే ఫోన్లో రికార్డు చేయండి. ఆ గొంతులో వాళ్ల నాన్నగారి యాస ఉంటుంది, అర్థం కాకపోయినా వాళ్లు వింటారు. బాబాయ్, అత్తయ్యా అనే పిలవండి, మిస్యూ, మదామ్ వద్దు. ఫోన్లో తర్జుమా యాప్ పనికొస్తుంది, కానీ భోజనాల బల్ల దగ్గర దాన్ని పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లండి. పులస దొరకదు, ఏదో ఒక చేప తెప్పించి చింతపండు పులుసు మీ చేత్తో పెట్టండి. వాళ్ల నాన్నగారు ఆదివారాలు ఏం వండేవారో అడగండి. యూజెస్‌లో బుధ, శనివారాలు ప్లాస్ ఓజ్ ఎర్బ్ అనే ఆర్చీల చౌకులో సంత ఉంటుంది, ఇద్దరూ కలిసి వెళ్లి కొనుక్కొస్తే మాటలు అవే వస్తాయి.

ఇంకో ముఖ్యమైన పని. ఫ్రాన్స్ పాత వలసల రికార్డులన్నీ భద్రపరిచిన ఆర్కైవ్స్ ఎక్స్-అన్-ప్రోవాన్స్‌లో ఉన్నాయి, యూజెస్ నుంచి కారులో ఒక పూట ప్రయాణం. యానాం జనన, వివాహ, మరణ రిజిస్టర్లలో పాతవి వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. యానాం అని కాదు, యనావోన్ అనే ఫ్రెంచి పేరుతో వెతకాలి. మన పేర్లని గుమాస్తా తనకి వినబడినట్టు రాసుకున్నాడు, కాబట్టి మీ ఇంటిపేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించండి. సొంత ఆచారాల చట్టం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి రావచ్చన్న 1881 డిక్రీ తర్వాత ఫ్రెంచి ఇండియాలో ఇంటిపేరే కొత్తగా తీసుకున్న కుటుంబాలున్నాయి, బాబాయి వాళ్ల ఇంటిపేరు వేరుగా ఉంటే కంగారుపడకండి. మీ ముత్తాతగారి పేరు ఆ పేజీలో కనిపించినప్పుడు బాబాయి పక్కన ఉండేలా చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. యానాంలో ఇల్లు, స్థలం, వాటా, ఈ మాటలు ఈ ప్రయాణంలో ఎత్తకండి. ఇన్నేళ్లకి వచ్చిన చుట్టం కాగితాల కోసం వచ్చిందేమో అన్న అనుమానం ఒక్కసారి పడితే మళ్లీ పోదు.

ప్రశ్న: నేను ఆప్ట్‌లో ఉంటాను. అత్తగారూ మావగారూ రెండు నెలలకి వస్తున్నారు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తే వాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉండాలి. గుడి లేదు, తెలుగువాళ్లు లేరు. బోరు కొట్టి పదో రోజుకే వెళ్లిపోతామంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: వాళ్లని అతిథుల్లా కూర్చోబెడితే నిజంగానే పదో రోజుకి టికెట్ మార్చమంటారు. పనులప్పగించండి. పొద్దున్నే బేకరీకి వెళ్లి రొట్టె తేవడం మావగారి డ్యూటీ. అడగాల్సిన మాటలు తెలుగు లిపిలో చిన్న కార్డు మీద రాసివ్వండి, చిల్లర జేబులో పెట్టండి, మొదటి రెండు రోజులు తోడు వెళ్లి తర్వాత వదిలేయండి. ఆప్ట్ గుండా పాత రైలుమార్గం మీద వేసిన కలవోన్ సైకిల్ బాట ఉంది కదా, ఎత్తుపల్లాల్లేని దారి, కార్లు రావు, సాయంత్రం నడకకి అంతకంటే ఏం కావాలి. సైకిళ్లొస్తాయి, కుడి పక్కనే నడవమనండి. పెతాంక్ అని ఇనప గుండ్లు విసిరే ఆట ఉంది కదా, అది ఆడే చోటు చూపించండి. అక్కడి పెద్దాయనలు రోజూ ఒకే గంటకి వస్తారు, మీ మావగారు నాలుగు రోజులు బెంచీ మీద కూర్చుని చూస్తే ఐదో రోజు ఒక గుండు చేతికిస్తారు. అత్తగారికి శనివారం సంత బుట్ట, వంటింటి పెత్తనం ఇచ్చేయండి, మీకెలా కావాలో ఆ తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

ఇండియా మనకంటే వేసవిలో మూడున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి రాత్రి పది దాటాకా, తెల్లవారకముందూ బాల్కనీలో స్పీకర్ పెట్టి వీడియో కాల్స్ వద్దని మొదటి రోజే చెప్పండి, పాత సందుల్లో ప్రతి మాటా ఎదురింటికి వినిపిస్తుంది. అంబులెన్స్‌కి 15, ఏ అత్యవసరానికైనా 112, ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి, ఇంటి అడ్రస్ వాళ్లు చదివి చెప్పగలిగేలా తెలుగులో రాసి పెట్టండి.

ప్రశ్న: వీసా ఎలాగూ 90 రోజులు కదా, పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ అన్నీ చుట్టేయొచ్చా? మేమూ మనోస్క్‌కే వెళ్తున్నాం, మా తమ్ముడి ఇంటికి.
– విశాఖపట్నం

జవాబు: వీసా ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. మీ తమ్ముడు సెలవులన్నీ మీ సూట్‌కేసులు మోయడానికే ఖర్చుపెడితే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకునేది ఎప్పుడు? పారిస్ ఒక్కటి పెట్టుకోండి, మూడు నాలుగు రోజులు, మీ భార్యాభర్తలిద్దరే వెళ్లిరండి. ఎక్స్-అన్-ప్రోవాన్స్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో మూడు గంటల పైచిలుకు. టికెట్లు ఎంత ముందు కొంటే అంత చవక. ఆ స్టేషన్ ఎక్స్ ఊళ్లో ఉండదు, బయట పొలాల మధ్య ఉంటుంది, మనోస్క్ నుంచి కారులో ముప్పావుగంటకి తక్కువ పట్టదు, రైలు టైముకి గంటన్నర ముందే ఇంట్లో బయల్దేరండి.